పట్టువిడుపులతో పాటు మబ్బు సంగతి కూడా చెప్పండి

భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,



గ్రహణం ఎన్నింటికి పట్టి ఎన్నింటికి విడుస్తుందో ఈ దేశంలో అధికారికంగా లెక్కగట్టి చెప్పేది మీ శాఖే. ఈ సంగతి చాలామందికి తెలియదు. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ మీ శాఖలో భాగం. మేఘనాద్ సాహా అధ్యక్షతన పనిచేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం సిఫారసులతో మొదలైన రాష్ట్రీయ పంచాంగాన్ని ఏటా గుణించి, తెలుగుతో సహా పలు భాషల్లో తెచ్చేది ఆ కేంద్రమే. ఇక ఆ గ్రహణం పట్టే వేళకు మా ఊరి మీద మబ్బు ఉంటుందా, ఉంటే ఎలాంటి మబ్బు, ఎంతసేపు అన్నది చెప్పడానికి కావలసిన ఉపగ్రహాలు, రాడార్లు, కంప్యూటర్లు, అనుభవమున్న మనుషులు ఉన్నది కూడా మీ దగ్గరే. అయినా ఈ రెండు కబుర్లూ కలిసి ఒకే ప్రకటనలో, మా భాషలో, మా జిల్లా పేరుతో వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. ఆ ఒక్కటీ అడగడానికే ఈ బహిరంగ లేఖ.

నేను గుంటూరు జిల్లాలో సైన్స్ చెప్పే మాస్టారిని. గ్రహణం వచ్చినప్పుడల్లా పిల్లల్ని బడి మైదానంలోకి తీసుకొచ్చి చూపించడం నాకు ఎంతో ఇష్టమైన పని. అప్పుడు రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ముందు రోజు తల్లిదండ్రులు అడుగుతారు: "పిల్లల్ని బయట నిలబెట్టొచ్చా మాస్టారూ, ఏమీ కాదు కదా?" దానికి నా దగ్గర జవాబుంది. గ్రహణం చూసే కళ్లద్దాలు చేతికిస్తాను. అట్టపెట్టెకు సూది బెజ్జం పొడిచి లోపల సూర్యుడి బొమ్మ పడటం చూపిస్తాను. జల్లెడ ఎండలో పట్టుకుంటే నేల మీద వందలాది చిన్న చిన్న నెలవంకలు పడతాయని చెబుతాను. చాలామంది ఒప్పుకుంటారు, కొందరు తామే వచ్చి పిల్లల పక్కన నిలబడతారు. రెండో ప్రశ్న గ్రహణం నాటి పొద్దున పిల్లలు అడుగుతారు: "సార్, మబ్బు పోతుందా?" దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంది.

గ్రహణానికి ముందు వారం పది రోజులు మాకు కబుర్లకు కొదవ ఉండదు. ఏ రాశివాళ్లు చూడకూడదో టీవీలు చెబుతాయి. తిరుమల ఆలయం తలుపులు ఏ వేళకు మూసి ఏ వేళకు తెరుస్తారో దేవస్థానం ముందుగానే ప్రకటిస్తుంది. శ్రీకాళహస్తిలో మాత్రం గుడి తెరిచే ఉంటుందని, రాహుకేతు పూజలు జరుగుతాయని పత్రికలు రాస్తాయి. పట్టు స్నానం, విడుపు స్నానం, ఊరగాయ జాడీ మీద దర్భ, వీటితో నాకు పేచీ లేదు. ఎవరింటి ఆచారం వారిది. ఆ నాలుగు రోజులూ మాత్రం ఇంటింటా సూర్యచంద్రుల గురించే మాట్లాడుకుంటారు. రైతు, కూలీ, కిరాణా కొట్టు యజమాని, ఆటో నడిపే కుర్రాడు, అందరూ. ఆకాశం మీద ఇంత ధ్యాస ఏడాదిలో మరెప్పుడూ ఉండదు. అలాంటి రోజున "మీ ఊళ్లో ఇన్ని గంటలకు పడమటి వైపు ఆకాశం తెరిపి ఇచ్చే అవకాశం ఉంది, బయటికొచ్చి చూడండి" అని చెప్పే అధికారిక గొంతు ఒక్కటీ వినబడదు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, 2027 ఆగస్టు 2, సోమవారం నాటి గ్రహణం కోసం. ఆ రోజు చంద్రుడి నీడ దక్షిణ స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియాల మీదుగా ఈజిప్టుకు చేరుతుంది. లక్సర్ పరిసరాల్లో సంపూర్ణ గ్రహణం 6 నిమిషాల 23 సెకన్ల దాకా ఉంటుంది. అక్కడి నుంచి ఎర్రసముద్రం దాటి జెద్దా, మక్కాల మీదుగా యెమెన్, సోమాలియాలకు వెళుతుంది. జెద్దాలో పనిచేసుకుంటున్న మన తెలుగువాళ్లు పట్టపగలు నక్షత్రాలు చూస్తారు. అక్కడ ఆగస్టులో మబ్బు బెడద దాదాపు ఉండదు, ఉంటే దుమ్ము తెర ఉండొచ్చు. మనకు అదే రోజు సాయంత్రం పాక్షిక గ్రహణం. బింబం అంచున చిన్న కొరుకు మాత్రమే కనిపిస్తుంది. నడి నైరుతి రుతుపవనాల కాలం, సాయంత్రం పూట, పడమటికి వాలుతున్న సూర్యుడు. మబ్బుకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు. అందుకే ఈ గ్రహణానికి పంచాంగం ఒక్కటే చాలదు.

ఈ నేలకు ఇది కొత్త చింత కూడా కాదు. మీ శాఖ పుట్టింది 1875లో. అంతకు ఏడేళ్ల ముందు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం మా గుంటూరు మీదుగా, మచిలీపట్నం మీదుగా వెళ్లింది. అదీ ఆగస్టే, అదీ వానాకాలమే. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త దాన్ని చూడటానికి ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కణ్నుంచి తీరం వెంట మచిలీపట్నం చేరాడు. మచిలీపట్నంలోనే ఆగిపోవచ్చు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బృందం అక్కడే మకాం వేసింది. జాన్సెన్ మాత్రం ఆగలేదు. సముద్రం ఒడ్డున తరచూ పొగమంచు కమ్ముతుందని, లోపలికి పోయి కొండల దగ్గర ఉంటే శిఖరాలకు మబ్బులు పట్టుకుంటాయని విచారించుకుని, రెండింటికీ నడుమ ఉన్న గుంటూరును ఎంచుకున్నాడు. అప్పుడు గుంటూరులో ఉన్న లెఫోషర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో పరికరాలు దించుకున్నాడు.

ఆ నిర్ణయం గురించి నేను తరచూ ఆలోచిస్తాను. అతని దగ్గర ఉపగ్రహ చిత్రం లేదు, రాడార్ లేదు. ఊరివాళ్లను, వర్తకులను, అధికారులను అడిగి తెలుసుకున్నదే అతని వాతావరణ శాస్త్రం. అంతకు ముందు రోజుల్లో వానలు పడ్డాయి. గ్రహణం నాడు పొద్దున సూర్యుడు ఆవిరి తెరలోంచే పైకి వచ్చాడు. గ్రహణం పట్టే వేళకు తెర విడిపోయి ఎండ నిగనిగలాడింది. ఐదున్నర నిమిషాలకు పైగా ఉన్న ఆ చీకటిలో సూర్యుడి అంచున లేచిన మంటల కాంతిని వర్ణపట దర్శినితో విడగొట్టి చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనబడతాయని అక్కడికక్కడే తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, మామూలు ఎండలో వాటిని చూశాడు కూడా. అంతకు ముందు ఆ మంటలు చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఆ గ్రహణంలో పరిశీలకులు చూసిన ఒక పసుపు గీత సోడియానిది కాదని ఆ తర్వాత తేలింది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ దాన్ని కొత్త మూలకానిదిగా గుర్తించాడు. అదే హీలియం. 1895లో గానీ విలియం రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోలేకపోయాడు.

అదే రోజు పడమటి వైపు జమఖండిలో జాన్ హెర్షెల్ అనే సైనికాధికారి కూడా అలాంటి పరికరంతోనే సిద్ధంగా ఉన్నాడు. మబ్బులు అడ్డంపడి, సందు దొరికినప్పుడు మాత్రమే కాసేపు చూడగలిగాడు. మద్రాసు వేధశాలకే చెందిన చింతామణి రఘునాథాచారి మరో బృందంతో వనపర్తిలో మకాం వేశాడు. ఒకే నీడ దారిలో ఇన్ని చోట్ల శిబిరాలు వేయడానికి పెద్ద కారణం మబ్బు భయం. ఒకచోట కమ్మితే మరోచోట దక్కుతుందన్న ఆశ. ఇప్పుడు మచిలీపట్నంలో మీ డాప్లర్ రాడార్ తిరుగుతోంది. పోగ్సన్‌కు, జాన్సెన్‌కు అందనిది మా బడి పిల్లలకు అందించగల స్థితిలో మీరున్నారు. అడగడానికి నాకున్న ధైర్యం అదే.

మీ బులెటిన్లు మేం రోజూ వింటాం. "తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు", "ఆకాశం పాక్షికంగా మేఘావృతమై ఉంటుంది" అన్న మాటలు మాకు కంఠతా వచ్చు. వరి నాట్లకు, వేటకు వెళ్లే పడవలకు ఆ మాటలు సరిపోతాయి. గ్రహణానికి సరిపోవు. వానసూచన వేరు, మబ్బు సూచన వేరు. జూలై, ఆగస్టుల్లో అనంతపురం వైపు వెళ్లి చూడండి: రోజుల తరబడి మబ్బు కమ్మి ఉంటుంది, చినుకు రాలదు. "వర్షం లేదు" అన్న కబురు నమ్మి పిల్లల్ని మైదానంలో నిలబెట్టిన మాస్టారికి ఆ రోజు సూర్యుడు కనబడడు. అదే తీరంలో ఒక జల్లు కొట్టి వెళ్లాక అరగంటలో ఆకాశం కడిగినట్టు తేటపడుతుంది. "వర్ష సూచన ఉంది" అని విని బడి మూసుకున్నవాళ్లు ఆ తేట ఆకాశాన్ని పోగొట్టుకుంటారు. మీ పరిశీలకులు ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి ఎన్ని భాగాలు మబ్బు ఉందో రోజూ రాస్తూనే ఉన్నారు. అది తక్కువ ఎత్తు మబ్బా, నడిమి ఎత్తు మబ్బా, ఎత్తయిన మబ్బా అని కూడా రాస్తారు. ఆ లెక్క మీ రిజిస్టర్లలోనే ఉండిపోతోంది. మాకు కావలసింది అదే.

మబ్బు రకం ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. చాలా ఎత్తున పలుచగా పరుచుకునే పింఛం లాంటి మబ్బు గ్రహణాన్ని చెడగొట్టదు. కళ్లద్దాల్లోంచి బింబం కాస్త మసకగానైనా కనబడుతుంది. అల్పపీడనం వచ్చినప్పుడు రోజంతా కదలకుండా పట్టే ముసురైతే ఆశ వదులుకోవలసిందే. ఈ రెండింటికీ నడుమ, మధ్యాహ్నం ఎండకు నేల వేడెక్కి పైకి లేచే దూది మబ్బుల సంగతి ఆసక్తికరమైనది. వాటికి ప్రాణం నేల వేడిమే. గ్రహణం పట్టి ఎండ తగ్గేకొద్దీ నేల చల్లబడుతుంది, పైకి లేచే గాలి మందగిస్తుంది, మబ్బు కరిగిపోతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు ఆఫ్రికా మీద జరిగిన గ్రహణాల ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి, సూర్యబింబంలో 15 శాతం దాకా కప్పుకునేసరికే నేల మీది దూది మబ్బులు తగ్గడం మొదలవుతుందని 2024లో ప్రకటించారు. సముద్రం మీది మబ్బులకు ఇది వర్తించదు, నీరు అంత త్వరగా చల్లబడదు కాబట్టి. ముసురుకూ వర్తించదు. అంటే పొద్దున పదింటికి కిటికీలోంచి దూది మబ్బులు చూసి "ఇక కనబడదులే" అని నిరాశపడే బడికి, "ఆగండి, అవి తగ్గొచ్చు" అని చెప్పగలిగేవాళ్లు ఒకరుండాలి. పైన వేలాడుతున్నది ఏ మబ్బో తెలిసినవాళ్లు మాత్రమే ఆ మాట అనగలరు.

2027 గ్రహణంలో మరో చిక్కు ఉంది. అది సాయంత్రపు గ్రహణం, సూర్యుడు నడినెత్తిన ఉండడు. సూర్యుడు పాతిక డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న మబ్బు మనకు అడ్డు రావాలంటే అది మన తల మీద ఉండనక్కర్లేదు. పడమటగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉండాలి. అంటే గుంటూరులో నిలబడ్డవాడికి సూర్యుణ్ని దాచే మబ్బు గుంటూరు మీదిది కాదు, సత్తెనపల్లి, నరసరావుపేట దిక్కుది. గుంటూరు మీద మబ్బు లేదని చెప్పే సూచన నిజమే అయినా చూసేవాడికి పనికిరాదు. ఇలాంటి లెక్క మాలాంటివాళ్లం మనసులో వేసుకోవచ్చు. మబ్బు ఎంత ఎత్తున ఉందో మాత్రం మాకు తెలియదు. ఉపగ్రహం చెప్పే మబ్బు పైఅంచు ఉష్ణోగ్రతను బట్టి మీకు తెలుస్తుంది.

తీరం వెంట ఇంకొక అవకాశం ఉంది. సాయంత్రం సముద్రపు గాలి లోపలికి వీచినప్పుడు ఒడ్డున కొన్ని కిలోమీటర్ల మేర దూది మబ్బులు చెదిరిపోయి, లోపలగా ఒక గీత గీసినట్టు పేరుకుంటాయి. బాపట్ల, చీరాల, మచిలీపట్నం వైపు చేపల వేటకు వెళ్లేవాళ్లను అడగండి, ఈ సంగతి వాళ్లకు బాగా తెలుసు. అలాంటి రోజైతే ఒడ్డున నిలబడటం మేలా, పడమటి మబ్బు గీత అడ్డొస్తుంది కాబట్టి ఇంకా లోపలికి పోవటం మేలా అన్నది గాలి బలాన్ని బట్టి ఉంటుంది. ముందు రోజు సాయంత్రానికి మీ శాస్త్రవేత్తలు దీన్ని అంచనా వేయగలరని నేను నమ్ముతున్నాను.

ముందస్తు అంచనా ఎంత ముఖ్యమో, ఒక్క అంచనాను పట్టుకుని వేలాడితే ఏమవుతుందో ఈ మధ్య కాలపు గ్రహణాలే చెప్పాయి. 2009 జూలై 22 నాటి గ్రహణం ఈ శతాబ్దంలోనే అత్యంత దీర్ఘమైనది. బీహార్‌లోని తారేగనాలో బాగా కనబడుతుందని పేరు మోగి జనం తండోపతండాలుగా చేరారు. ఆర్యభటుడి పేరుతో ముడిపడిన ఊరు, ఉత్సాహం పట్టలేనంత. తెల్లవారాక ఆకాశం నిండా మబ్బు. చీకటి పడింది, పగలు రాత్రయింది, సూర్యుడు మాత్రం కనబడలేదు. అదే నీడ దారిలో వారణాసిలో గంగ ఒడ్డున నిలబడ్డవాళ్లకు మబ్బుల నడుమ నుంచి దర్శనమిచ్చాడు. 2019 డిసెంబర్ 26న కంకణ గ్రహణానికి కేరళలో వయనాడ్ కొండలెక్కినవాళ్లను మబ్బు ముంచింది. తీరాన కాసరగోడ్ జిల్లా చెరువత్తూర్‌లో చేరినవాళ్లకు ఉంగరం కనబడింది. ఢిల్లీలో ప్రధానమంత్రి కూడా మబ్బు వల్ల సూర్యుణ్ని చూడలేకపోయానని ఆ రోజు ట్వీట్ చేశారు. కేరళ నుంచి వచ్చిన ప్రత్యక్ష ప్రసారంలో చూశానన్నారు.

2024 ఏప్రిల్ 8 నాటి అమెరికా గ్రహణం మరీ విచిత్రం. జే ఆండర్సన్ అనే కెనడా వాతావరణ శాస్త్రవేత్త గ్రహణ దారుల వెంట పాత ఏళ్ల మబ్బు లెక్కలు తీసి పటాలు గీయడంలో పేరు పొందారు. గ్రహణం వెంట దేశాలు తిరిగేవాళ్లు ముందుగా చూసేది ఆయన పటాలే. ఏప్రిల్‌లో మబ్బు తక్కువ ఉండేది టెక్సాస్ దిక్కునే అని పాత లెక్కలు చెప్పాయి, ఈశాన్యాన వెర్మాంట్‌కు పెద్ద ఆశ లేదు. తీరా ఆ రోజు టెక్సాస్ మీద మబ్బులు కమ్ముకుని జనం గుండెలు పట్టుకున్నారు. వెర్మాంట్ మీద ఆకాశం తేటగా నిలిచింది. డాలస్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలు మబ్బు సందుల కోసం ఆకాశానికి కళ్లప్పగించాయి, అక్కడ చాలామందికి సరిగ్గా ఆ వేళకు తెరిపి దొరికింది. బఫెలోలో మాత్రం మబ్బు వీడలేదు. పాత ఏళ్ల సగటు ఊరిని ఎంచుకోవడానికి పనికొస్తుంది. గ్రహణం నాటి మూడు గంటల ముందు సూచన ఆ ఊళ్లో ఉండాలా, కారు తీసి వంద కిలోమీటర్లు పోవాలా అని తేల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో ప్రభుత్వ వాతావరణ సంస్థ ఆ రెండోపని శ్రద్ధగా చేసింది. మబ్బు సూచనలు రోజూ ఇచ్చింది, జనం వాటిని చూసి దారులు మార్చుకున్నారు.

మనకూ పాత లెక్కలు ఉన్నాయి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం రాయచూరు, మహబూబ్‌నగర్, నల్గొండ, ఖమ్మం మీదుగా వెళ్లినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల సరిగ్గా ఆ నీడ దారిలో పడి, దేశదేశాల శాస్త్రవేత్తలకు వేదికయింది. ఆ రోజు ఆకాశం తెరుచుకునే ఉన్నా వీధులు ఖాళీగా, తలుపులు మూసి ఉన్నాయి. 1999 ఆగస్టు 11న మరో సంపూర్ణ గ్రహణం సాయంకాలం మన శ్రీకాకుళం వైపు నుంచి బంగాళాఖాతంలోకి దిగిపోయింది. అది నైరుతి మబ్బుల పాలయింది. ఫిబ్రవరి గ్రహణానికీ ఆగస్టు గ్రహణానికీ తేడా ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు, ఏ జిల్లాలో ఏ నెలలో ఏ గంటకు ఆకాశం తెరిచి ఉండే అవకాశం ఎంతో మీ ఉపగ్రహాల పాత చిత్రాల నుంచి తీసి ఒక పటం గీస్తే, అది రాబోయే గ్రహణాలన్నిటికీ పనికొస్తుంది. 2031 మే 21న కేరళ, తమిళనాడుల దక్షిణ భాగం మీదుగా కంకణ గ్రహణం వెళుతుంది, రుతుపవనం గుమ్మం ముందు నిలబడే రోజులవి. 2034 మార్చి 20న సంపూర్ణ గ్రహణం కార్గిల్, లేహ్ వైపు దొరుకుతుంది. ఆ రెండింటికీ తెలుగు నాట నుంచి ఎందరో ప్రయాణం కడతారు. ఎక్కడికి టికెట్ తీసుకోవాలో తెలుసుకోవడానికి విదేశీ వెబ్‌సైట్లు వెతుక్కోవలసిన పని ఉండకూడదు.

కళ్ల సంగతి కూడా మబ్బుతోనే ముడిపడి ఉంది. దీన్ని మీ ప్రకటనలో చేర్చమని చేతులు జోడించి అడుగుతున్నాను. తేట ఆకాశం నాడు పిల్లలు కళ్లద్దాలు తీయరు, ఎండ మిరుమిట్లు గొలుపుతుంది కాబట్టి. ప్రమాదం ఎక్కువగా మబ్బు రోజునే. దట్టమైన మబ్బు అడ్డొస్తే గ్రహణం కళ్లద్దాల్లోంచి ఏమీ కనబడదు, నల్లగా ఉంటుంది. దాంతో తీసేస్తారు. వెంటనే మబ్బు పలచబడి, వెన్నెల బిళ్లలా మెత్తగా సూర్యుడు కనబడతాడు. కళ్లకు నొప్పి తెలియదు, మిరుమిట్లు లేవు, రెప్ప వాల్చకుండా చూస్తారు. కనుపాప పెద్దదై ఉంటుంది, మబ్బు ఒక్క క్షణంలో జరిగిపోతుంది. రెటీనాకు నొప్పి తెలిసే నాడులు లేవు. దెబ్బ తగిలిన సంగతి గంటల తర్వాత గానీ తెలియదు. పసుపు నీళ్ల పళ్లెంలో, పేడ నీళ్ల బకెట్‌లో నీడ చూసేవాళ్లు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు పట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. పద్నాలుగో నంబరు వెల్డింగ్ అద్దం గానీ, ప్రమాణాలకు సరిపడిన గ్రహణం కళ్లద్దాలు గానీ మబ్బు ఉన్నా లేకపోయినా తీయవద్దని మీ నోటితో వస్తే, బడిలో నేను చెప్పినదానికన్నా బరువుంటుంది. "పలుచని మబ్బు ఉండే అవకాశం" అని సూచన ఇచ్చిన చోటే ఆ హెచ్చరిక కూడా ఉండాలి.

మీ మాటకు మా దగ్గర ఎంత బరువుందో మీకు తెలిసే ఉంటుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కబురు అందక వేలమంది కొట్టుకుపోయారు. ఆ కథలు వింటూ పెరిగిన తీరం ఇది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వస్తుందని మీరు ముందే చెప్పారు, జనాన్ని తరలించారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటుతుందని చెప్పారు, దాటింది. తుపాను మార్గం చెప్పినవాళ్లు మబ్బు సందు చెప్పలేరా అని పిల్లలు నన్ను అడుగుతారు. తుపాను కన్నా దూది మబ్బును పట్టుకోవడం కష్టమని నేను చెబుతాను, నిజమే కాబట్టి. వందల కిలోమీటర్ల మేఘ వ్యవస్థ వేరు, కిలోమీటరు వెడల్పు మబ్బు తునక వేరు. 2025లో మొదలైన మీ భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కలు కడుతోంది. అయినా ఒక్కో మబ్బు తునకను అది పట్టుకోలేదు. అందువల్ల కచ్చితమైన మాట అడగడం లేదు. "పదింటిలో ఆరు వంతులు కనబడే అవకాశం" అంటే చాలు. వంతుల లెక్క మా పిల్లలకు అర్థమవుతుంది. పత్తి పంటకు మందు కొట్టాలా వద్దా అని తేల్చుకునే వాళ్ల నాన్నలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇక నేను అడిగే పని. ప్రతి గురువారం మీరు రాబోయే రెండు వారాల సూచన ఇస్తారు. 2027 జూలై 22, 29 తేదీలు గురువారాలు. ఆ రెండు సూచనల్లో ఆగస్టు 2 సాయంత్రం గురించి ఒక పేరా ఉండాలి: రుతుపవనం చురుగ్గా ఉండబోతోందా, విరామంలో ఉండబోతోందా, బంగాళాఖాతంలో అల్పపీడనం కనబడుతోందా. ముందు రోజు, అంటే ఆదివారం సాయంత్రం, హైదరాబాద్, అమరావతి కేంద్రాల నుంచి జిల్లాల వారీగా మబ్బు రకం, ఎత్తు, పడమటి ఆకాశం సంగతి తెలుగులో రావాలి. గ్రహణం నాడు మీ మూడు గంటల తక్షణ సూచనల్లో వానతో పాటు మబ్బు సందు కూడా చేరాలి. ఇన్సాట్ ఉపగ్రహ చిత్రాలు అరగంటకోసారి ఎలాగూ వస్తాయి. ఆ చిత్రాల్లో అరేబియా వైపు నుంచి కదిలే చంద్రుడి నీడ కూడా కనబడుతుంది. ఇక్కడ మబ్బు పట్టి సూర్యుడు కనబడని బడిలో కూడా ఆ నీడను తెర మీద చూపించవచ్చు. పిల్లలు ఉత్త చేతులతో ఇంటికి పోరు.

సౌర విద్యుత్తు వాళ్లకూ ఇది కావలసిన కబురే. కర్నూలు సౌర పార్కు ఒక్కదానిదే వెయ్యి మెగావాట్ల సామర్థ్యం. గ్రహణం వల్ల ఎండ ఎంత తగ్గుతుందో లెక్క తేల్చవచ్చు, దానికి మబ్బు తోడైతే ఎంత తగ్గుతుందన్నదే గ్రిడ్ నడిపేవాళ్ల తలనొప్పి. మీరు ఆ లెక్క వాళ్లకోసం ఎలాగూ కడతారు. అదే లెక్కను కాస్త తేలిక మాటల్లోకి మార్చి మాకూ ఇవ్వమంటున్నాను.

మేమూ ఊరికే తీసుకోం. గ్రహణం నాడు మా బడి పిల్లలు పట్టు ముందు గంట నుంచి విడుపు తర్వాత గంట దాకా ఐదు నిమిషాలకోసారి నీడలో ఉష్ణోగ్రత చూసి రాస్తారు. ఎనిమిది వంతుల్లో మబ్బు ఎంతో, ఏ రకమో, ఏ దిక్కునో బొమ్మ గీస్తారు. గాలి తగ్గిందా, దిక్కు మారిందా చూస్తారు. పాక్షిక గ్రహణంలో తేడా చాలా కొద్దిగా ఉండొచ్చు, ఆగస్టు మబ్బు ఆ కొద్దినీ కలగాపులగం చేయొచ్చు. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్ని వందల బడులు ఒకే పద్ధతిలో ఇలా రాసి పంపితే, మీ రాడార్లకూ వేధశాలలకూ నడుమ ఉన్న ఖాళీల్లో నేల మీది కొలతలు మీకు దొరుకుతాయి. మీ సూచన ఎక్కడ తప్పిందో, ఎక్కడ సరిపోయిందో సరిచూసుకోవచ్చు. అందుకు కావలసిన ఒక పేజీ నమూనా పత్రాన్ని, థర్మామీటర్ ఎంత ఎత్తున, ఏ నీడలో కట్టాలో చెప్పే సూచనలతో, తెలుగులో తయారుచేసి ఇప్పించండి. విద్యాశాఖ ద్వారా వస్తే అన్ని బడులకూ చేరుతుంది. ఆ సోమవారం బడి మామూలుగా నడిపి, సాయంత్రం ఒక గంట మైదానానికి కేటాయించమని రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు మీరే ఒక ఉత్తరం రాస్తే మరీ సంతోషం. మేం రాస్తే దాన్ని ఒక మాస్టారి కోరికగా చూస్తారు, మీరు రాస్తే దాన్ని శాస్త్ర కార్యక్రమంగా చూస్తారు.

నింపిన పత్రాలు హైదరాబాద్ కేంద్రానికి పంపాలా, అమరావతికి పంపాలా, నేరుగా మీకే పంపాలా అన్నది కూడా ఆ పత్రం అడుగున రాయించండి. 2027 వేసవి సెలవుల లోపే అది మా చేతికొస్తే, జూన్‌లో బడి తెరవగానే పిల్లలతో సాధన మొదలుపెడతాను.

ఇట్లు,
భవదీయుడు,
గుంటూరు జిల్లా నుంచి ఒక సైన్స్ ఉపాధ్యాయుడు